మూడో కిటికీ

మా ఎదురు బిల్డింగ్ మామ్మగారు పోయారు. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున్న కాఫీ పెట్టుకుంటూ కిటికీలోంచి చూస్తే, పార్కింగ్ లాట్‌కి అవతల ఆవిడ ఇంటి మూడో కిటికీలో దీపం ఇంకా వెలుగుతోంది. అప్పటికే బాగా తెల్లవారింది. పడుకోబోయే ముందు ఆ దీపాన్ని ఆవిడ తప్పకుండా ఆర్పేసేవారు. నేను స్టవ్ కట్టేసి, చెప్పులు వేసుకుని వెళ్లాను. ఆవిడ ఇంటి తాళంచెవి ఒకటి మా దగ్గర ఉండేది.

ఆవిడ ఆ కిటికీ ఎదుట కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి కిటికీ గట్టు మీద ఉంది. ముఖం కిందికి, కార్లు ఆగే చోటు వైపు తిరిగి ఉంది. రెండుసార్లు పిలిచాను. తర్వాత ఫోన్ చేయాల్సిన వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఆవిడ చూస్తున్న చోట ఏముందోనని నేనూ చూశాను. ఖాళీ చోటు. గీసిన తెల్ల గీతలు. అంతే.

పార్సిప్పనీలో మా కాంప్లెక్స్‌లో ఉండే తెలుగువాళ్లందరికీ ఆవిడ తెలుసు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఆవిడ తెలుగావిడ కాదు. పోలండ్ రాజధాని వార్సాలో పెరిగిన మనిషి. మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ పేరు పలకడం చేతకాక మా ఆవిడ “మామ్మగారూ” అంది. అదేమిటని అడిగారు. అర్థం చెబితే, పిల్లలు లేకపోయినా మనవలు దొరికారన్నమాట అని నవ్వారు. అప్పటినుంచి ఈ బ్లాకులో అందరికీ ఆవిడ మామ్మగారే.

మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో ఉద్యోగం మా ఆవిడది. నాకు వర్క్ పర్మిట్ రాలేదు. ఇంటర్‌తో చదువు ఆపేసినవాణ్ణి, తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీ పుస్తకాల్లోంచి సొంతంగా నేర్చుకున్నదే. వంట చేసి, ఇంటి పద్దు రాసుకుంటే నా రోజు అయిపోయేది. ఐటీ వాళ్లుండే కాంప్లెక్స్ పగటిపూట ఎలా ఉంటుందో ఆఫీసుకి వెళ్లేవాళ్లకి తెలియదు. కార్లన్నీ వెళ్లిపోతాయి. నూరు తలుపులుంటాయి గానీ ఒక్కటీ తెరుచుకోదు. ఎక్కడో ఫ్రిజ్ మోత వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దంలో తిరిగే మనుషులం నేనూ ఆవిడా ఇద్దరమే. నాకు మాటలు తక్కువ. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివి. అయినా రోజూ పదకొండు గంటలకి కలిసి నడిచేవాళ్లం.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ వార్సాలో గైడ్‌గా పనిచేశారు. ఇక్కడికి వచ్చి ఎన్నో ఏళ్లు ఆఫీసులు శుభ్రం చేసే పని చేశారు. భర్త పోయారు. కానీ గైడ్ పని మాత్రం మానలేదని నాకు మొదటి వారంలోనే తెలిసింది. అద్దెల వ్యవహారం చూసే లీజింగ్ ఆఫీసు ముందు జెండా కర్ర దగ్గర ఆగి, ఇది స్తంభం, పైన రాజు, ఒక చేతిలో శిలువ, ఒక చేతిలో కత్తి అన్నారు. రాజధానిని ఆ ఊరికి తెచ్చిన రాజట. యుద్ధంలో స్తంభాన్ని పడగొట్టేస్తే, తర్వాత కొత్త స్తంభం చేసి అదే రాజును మళ్లీ పైకి ఎక్కించారు. పాత స్తంభం ముక్కలు ఇప్పటికీ అక్కడే, కోట గోడ పక్కన పడుకోబెట్టి ఉన్నాయట. “రాజు కిందికి చూస్తే, తను ఒకప్పుడు నిలబడింది అక్కడ పడి ఉండడం కనిపిస్తుంది” అన్నారావిడ.

లాండ్రీ గది కోట. దాని వెనక వాననీటి చెరువు విస్తులా నది. హైవే అవతల కనిపించే అద్దాల ఆఫీసు, రష్యావాళ్లు వార్సా నడిబొడ్డున కట్టి కానుకిచ్చిన పెద్ద భవనం. దాని పైకెక్కి చూస్తే ఊరు చాలా అందంగా ఉంటుందని అక్కడివాళ్లు అనుకునేవారట, అక్కడినుంచి ఆ భవనం ఒక్కటే కనిపించదు కాబట్టి. చెత్త డంప్‌స్టర్ల వెనక ఒక మట్టి దిబ్బ ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అడుగు తేలిక చేసేవారు. అది యూదుల పేట, యుద్ధంలో మనుషులతో సహా నేలమట్టం చేసిన చోటు. శిథిలాలు ఎత్తిపోయలేక, చదును చేసి వాటి మీదే ఇళ్లు కట్టారు. వీధిలోంచి ఆ ఇళ్లకి మెట్లెక్కి వెళ్లాలి. తాము నడుస్తున్నది నేల మీద కాదని ఆ పేటలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు అని చెప్పారు. ఆవిడతో పాటు నేనూ ఆ దిబ్బ పక్కన మెల్లగా నడవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అలాగే నడుస్తాను.

సరిగ్గా పదకొండుంపావుకి, ఎక్కడున్నా సరే, ఆవిడ ఆగిపోయేవారు. కోట గడియారం బాంబులకి ఆగిపోయింది ఆ వేళకే. తర్వాత కోటని పూర్తిగా పేల్చేశారు. దాదాపు ముప్పై ఏళ్లు అక్కడ ఖాళీ స్థలం, ఒక గోడ ముక్క. మళ్లీ కోట కట్టి, గడియారం పెట్టి, దాన్ని పదకొండుంపావు నుంచే నడిపించారు. ఆ రోజు ఆవిడ జనంలో నిలబడి చూశారట. చుట్టూ అందరూ ఏడుస్తుంటే, తనకి మాత్రం ఒళ్లు జలదరించిందన్నారు. మధ్యలో పోయిన కాలం, అందులో పుట్టిన తనూ లెక్కలోకి రాలేదనిపించిందట.

“నీ పుస్తకంలో ఇవాళ వార్సాని ఏ ఖాతాలో రాస్తావు, అకౌంటెంట్ గారూ?” అని అప్పుడప్పుడూ ఆటపట్టించేవారు. ఖర్చేమీ లేదు కాబట్టి రాయనని చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చాక మా ఆవిడ వంతు. “ఆ ఊరి సందులన్నీ మీకు నోటికొచ్చు. ఇంట్లో పాలు అయిపోయిన సంగతి మాత్రం తెలీదు” అనేది.

ఆవిడ ఇంటికి పార్కింగ్ లాట్ వైపు మూడు కిటికీలు. మొదటి రెండింట్లో సాయంత్రం అయ్యేసరికి దీపాలు వెలిగేవి. మూడోది ఎప్పుడూ చీకటి. దళసరి నల్లగుడ్డ వేసి ఉండేది. మా వంటింట్లోంచి అదే కనిపిస్తుంది కనక నేను గమనించాను గానీ అడగలేదు. ఒక చలికాలం, పెద్ద మంచు కురిసిన మర్నాడు, ట్రక్కులు మంచుని తోసి పార్కింగ్ లాట్ చుట్టూ గుట్టలు పోశాయి. మసి పట్టిన బూడిదరంగు గుట్టలు, మధ్యలో మనిషి నడిచేంత దారి. ఆవిడ ఆ దారిలో నిలబడి, “ఇదీ నేను పుట్టినప్పటి మా ఊరు” అన్నారు. ఆ రోజే కిటికీ సంగతి చెప్పారు.

యుద్ధం ఆఖర్లో, ఊరిని ఆక్రమించిన నాజీ సైన్యం మీద వార్సా జనం తిరగబడ్డారు. ఆవిడ అన్నకి అప్పుడు పదహారేళ్లు. పాతపేటలో పోరాడేవాళ్లకి కబుర్లు మోసేవాడు. పేట పడిపోతుందనగా, మిగిలిన వాళ్లతో కలిసి మురుగు కాలవ మూత ఎత్తి కిందికి దిగాడు. దిగడం చూసినవాళ్లున్నారు. బయటికి రావడం చూసినవాళ్లు లేరు. బతికిన జనాన్నందరినీ ఊరి బయటికి తోలేసి, శత్రువులు ఒక్కొక్క వీధినీ కాల్చి కూల్చారు. తల్లి అప్పుడు నిండు కడుపుతో ఉంది. ఆ కడుపులో ఉన్నది ఈవిడ. అన్నని ఈవిడ ఎన్నడూ చూడలేదు.

తల్లి తిరిగొచ్చి, శిథిలాల్లో పనికిరాగల ఇటుకలు ఏరే పనిలో చేరింది. పాతపేటని ఉన్నదున్నట్టు మళ్లీ కట్టాలని నిర్ణయించారు. యుద్ధానికి ముందు విద్యార్థులు గీసిన ఇళ్ల కొలతల కాగితాలు ఒక మఠంలో, సమాధుల మధ్య దాచి ఉంచినవి బయటికి తీశారు. అవి చాలని చోట, వందల ఏళ్ల కిందట ఇటలీ నుంచి వచ్చిన ఒక చిత్రకారుడు వేసిన ఊరి బొమ్మల్ని చూసి కట్టారు. ఇటుకలు చాలకపోతే వేరే ఊళ్లలో కూలిన ఇళ్లవి కూడా తెచ్చారు. “మా గోడల్లో ఎవరెవరి ఇళ్లో ఉన్నాయి” అనేవారు మామ్మగారు.

తల్లి పట్టుబట్టి, అదే స్థలంలో లేచిన అదే ఇంట్లో వాటా సంపాదించింది. అంతా సరిపోయింది, ఒకటి తప్ప. పాత ఇంటికి ఆ అంతస్తులో వీధివైపు రెండు కిటికీలు. కొత్త ఇంటికి మూడు. ఇల్లు మరీ బోసిగా ఉందని తోచిందో ఏమో, ఆ చిత్రకారుడు తన బొమ్మలో ఒక కిటికీ కలిపాడని తల్లి నమ్మకం. బొమ్మలో తప్ప ఎక్కడా లేని కిటికీ, ఇప్పుడు నిజంగా ఇంటికి వచ్చింది.

కొడుకు ఎప్పుడూ సందు చివర నిలబడి, పైకి చూసి, రెండు కిటికీల్లో దీపం కనిపిస్తే ఈల వేసి మెట్లెక్కేవాడట. అంచేత తల్లి మూడో కిటికీకి బీరువా అడ్డం పెట్టేసింది. పొద్దుగూకాక అక్కడ అగ్గిపుల్ల కూడా గీయనిచ్చేది కాదు. మూడు వెలిగితే మన ఇల్లు కాదనుకుని పోతాడు అనేది. ఆ బీరువా వెనక, కిటికీకీ దానికీ మధ్య ఇరుకులో ఈవిడ మంచం.

ఆ అబ్బాయి రాడని అమ్మగారికి తెలియదా అని అడిగాను.

“తెలుసు. నాకూ తెలుసు” అన్నారు. “తెలియడం వేరు, దీపం పెట్టడం వేరు.”

కొన్ని రోజుల తర్వాత, చెరువు గట్టున నడుస్తూ మిగతాది చెప్పారు. గైడ్లు అబద్ధాలు చెప్పరు, కథని కాస్త ముందే ఆపేస్తారు అని ఆవిడ తరచు అనేవారు. ఆ రోజు ఆపలేదు.

ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, రోజూ చీకటి పడే వేళ ఆ లేని కిటికీలోంచి కిందికి చూస్తూ కూర్చునేవారట. సందులో జనం వచ్చి ఆగేవారు. పాత కాపురస్తులు. తలెత్తి, పెదవులు కదుపుతూ, ఇళ్లని చూసేవారు. చూడటం కాదు, సరిచూసుకోవడం. చాలాసేపు కదలకుండా, బొమ్మలో మనుషుల్లా నిలబడేవారు. ఒక సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. తడిసిన బట్టలు. ఆ రోజు వాన లేదు. తల్లి గదిలో వెలుగుతున్న రెండు కిటికీలూ చూశాడు. తర్వాత, చీకట్లో ఉన్న ఈవిడ కిటికీ వైపు చూసి చెయ్యి ఎత్తాడు.

“నేను వాడికి కనిపించే వీల్లేదు. అయినా చెయ్యెత్తాడు. బదులు చెప్పాలిగా. పక్కకింద దాచుకున్న కొవ్వొత్తి ముక్క వెలిగించాను.”

కుర్రాడు చెయ్యి దించాడు. మూడు కిటికీల్నీ ఒకటి తర్వాత ఒకటి మళ్లీ చూశాడు. వెనక్కి తిరిగి నది వైపు దిగి వెళ్లిపోయాడు. బీరువాకవతల తల్లి కుట్టుమిషను ఆగలేదు. ఈవిడ కొవ్వొత్తి ఆర్పేశారు. తల్లికి చెప్పలేదు. తల్లి పోయేదాకా చెప్పలేదు, భర్తకీ చెప్పలేదు.

పెద్దయ్యాక గైడ్‌గా కోటలో పనిచేస్తున్నప్పుడు, ఆ చిత్రకారుడి బొమ్మలున్న గదిలోకి రోజూ జనాన్ని తీసుకెళ్లేవారు. ఒక బొమ్మలో వాళ్ల ఇల్లు ఉంది, మూడు కిటికీలతో. దాని కింద సందులో, గోరంత మనిషి ఒకడు తలెత్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. వందల ఏళ్లుగా నిలబడే ఉన్నాడు. మిగతా బొమ్మలన్నిటి గురించీ చెప్పి, ఆ బొమ్మ దగ్గర మాత్రం గబగబా నడిచేసేదాన్ని అన్నారు.

నేను ఆమాట ఈమాట చెప్పే మనిషిని కాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెప్పకూడదని కాదు, నా తీరు అంత.

ఆ తర్వాతి శరదృతువులో మామ్మగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి విరిగింది. హాస్పిటల్ నుంచి, మళ్లీ నడక నేర్పే రిహాబ్‌కి పంపారు. వాళ్లు ఇంటికి పంపిన రోజు దీపావళి అయింది. అప్పటికి నాకు పర్మిట్ వచ్చి, ఒక గ్రోసరీ స్టోర్‌లో లెక్కలు రాస్తున్నాను. ఆ రోజు సెలవు పెట్టి, ఆవిడని కారులో తీసుకొచ్చాను. వచ్చేసరికి సందె చీకటి పడింది. మన బ్లాకులో ప్రతి కిటికీలో దీపాలు, మెట్ల మీద పిల్లల ముగ్గులు. నేను ట్రంకులోంచి వాకర్ తీసి ఇచ్చి తలెత్తితే, ఆవిడ కదలడం లేదు.

ఎదురుగా ఆవిడ ఇల్లు. మూడు కిటికీల్లోనూ దీపాలు.

మొక్కలకి నీళ్లు పోయడానికి తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది. పండగ పూట, రోగం నుంచి లేచి వచ్చే మనిషి చీకటింట్లో అడుగుపెట్టకూడదని, వరసగా అన్ని గట్ల మీదా బ్యాటరీ ప్రమిదలు పెట్టింది. మూడో కిటికీ నల్లగుడ్డ తీసి మడిచి పెట్టింది. మన ఆడవాళ్లెవరైనా చేసే పనే.

“ఇది నా ఇల్లు కాదు” అన్నారు మామ్మగారు.

మా ఆవిడ మెట్లు దిగి వచ్చి, మీదే మామ్మగారూ, రండి, చలిగా ఉంది అని చెయ్యి పట్టుకుంది. ఆవిడ మళ్లీ అదే మాట, అంత మెల్లగానే అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. మనిషికి మతి తప్పిందని భయపడింది, పాపం. నాకు తెలుసు ఏమైందో. పైకి పరుగెత్తాను.

మూడో గదిలోకి వెళ్లి ప్రమిదలు ఒక్కొక్కటీ ఆర్పాను. ఆఖరిది ఆర్పాక, చీకట్లో నిలబడి కిందికి చూశాను. కార్ల మధ్య ఆవిడ వాకర్ పట్టుకుని, తలెత్తి నిలబడి ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి. నేను ఆవిడకి కనిపించే వీల్లేదు. ఆవిడ చెయ్యి ఎత్తారు.

నేనూ చెయ్యి ఎత్తాను. ఎందుకెత్తానో తెలీదు.

తర్వాత ఆవిడ మా ఆవిడ భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చారు. కోటు విప్పకుండా నేరుగా మూడో గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తప్పు చేశానా అండీ అని మా ఆవిడ నన్ను తెలుగులో అడుగుతోంది. మామ్మగారు చెయ్యెత్తి ఆపారు.

“కింద నుంచి చూశాను. మూడూ వెలుగుతున్నాయి. చూడగానే నా ఇల్లేనని తెలిసింది. కాదని నోరు అంది, అంతే.” గట్టు మీద ఆరిన ప్రమిద ఒకటి చేతిలోకి తీసుకున్నారు. “ఒక దీపం ఎక్కువైతే ఇల్లు గుర్తు పట్టలేరా ఎవరైనా? వాడు నా కొవ్వొత్తి చూసి వెళ్లిపోలేదు.”

అప్పుడు ఆవిడ ముఖం నేను అంతకుముందు చూసిన ముఖం కాదు. అన్నని తనే వెళ్లగొట్టానని ఏడేళ్ల వయసులో నెత్తికెత్తుకున్న నేరం, ఇక్కడ, పరాయి పండగ పూట, దించుకున్నారు. మా ఆవిడ ఆవిడ చేతులు రాస్తూ కూర్చుంది. కథ తెలియకపోయినా కళ్లు తుడుచుకుంటోంది.

చాలాసేపటికి మామ్మగారు కిటికీ వైపు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు.

“అయితే ఎందుకు వెళ్లిపోయాడు? అసలెవరతను?”

తర్వాత ఆవిడే, ఆ దీపాలు మళ్లీ పెట్టమన్నారు. మా ఆవిడ పెట్టింది.

ఆ రోజు నుంచి నల్లగుడ్డ లేదు. రోజూ సందె వేళకి ఆవిడ మూడో కిటికీలో దీపం పెట్టుకుని దాని ఎదుట కూర్చునేవారు. చలిలో పనినుంచి వస్తూ కారు దిగి పైకి చూస్తే, ఆవిడ చెయ్యి ఎత్తేవారు. కొన్నిసార్లు నేను దిగకముందే, ఎవరూ లేని చోటుకి ఎత్తి ఉండేది ఆ చెయ్యి. నా కారు చూసి ముందే ఎత్తారనుకునేవాణ్ణి.

మామ్మగారు పోయాక, ఆవిడ దూరపు బంధువొకావిడ వచ్చి, కావలసినవి పెట్టెల్లో సర్దుకుని వెళ్లింది. నెలాఖరున లీజింగ్ ఆఫీసులో ఇవ్వమని తాళంచెవి నాకిచ్చింది. ఇల్లు ఖాళీ. ఆ కుర్చీ ఒకటి, గట్టు మీద దీపం మిగిలాయి. వాటిని ఎవరూ కోరలేదు. సాయంత్రాలు వెళ్లి ఆ దీపం వెలిగించి, కాసేపు కూర్చుని, ఆర్పి వస్తున్నాను. మా ఆవిడకి ఇప్పుడు అంతా తెలుసు. వచ్చేసరికి కాఫీ కలిపి ఉంచుతుంది.

నిన్న ఆఖరి రోజు. దీపం పెట్టి కిందికి చూశాను. కార్లు ఇంకా రాలేదు. తెల్ల గీతల మధ్య, ఖాళీ చోటులో, ఒకతను నిలబడి పైకి చూస్తున్నాడు. కొత్తగా దిగబోయే వాళ్లెవరో ఇల్లు చూసుకోవడానికి వచ్చి ఉంటారు. కుర్రవాడే. వాన లేదు గానీ, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. మొదటి కిటికీ చూశాడు, రెండోది చూశాడు. మూడో కిటికీ దగ్గర చూపు ఆపి, మెల్లగా చెయ్యి ఎత్తాడు.

నేను దీపం ఆర్పలేదు. మొహం మీద వెలుగు పడేలా కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.